సమాధానం: కయాక్ పడవలో తెడ్డు వేశాక భుజం నొప్పి, మసాజ్‌కి తగ్గట్లేదు

మీ తమ్ముడికి నొప్పి భుజంలో ఉన్నా, బిగుసుకున్నది బహుశా చంక వెనక నుంచి నడుము దాకా దిగే లాట్ కండ. తెడ్డు లాగేటప్పుడు ఎక్కువ పని దానిదే. చిలికా సరస్సులో ప్రాక్టీస్ అయ్యాక అతనికి భుజం పైనే రుద్దుతున్నారన్నారు కదా, లోపం అక్కడే కావచ్చు.

1. కాసేపు వేడి కాపడం.
2. పక్కకు పడుకోబెట్టి, చెయ్యి తల పైకి చాపించండి. చంక వెనక అంచు నుంచి నడుము వైపు అరచేత్తో నెమ్మదిగా నొక్కుతూ దిగండి. చంక గుంటలో నొక్కొద్దు, నరాలుంటాయి.
3. చాలామంది వదిలేసేది ఇదే: నొక్కుతుండగానే అతను చెయ్యిని మెల్లగా పైకీ కిందికీ కదపాలి. ఊరికే పిసికితే హాయిగా ఉంటుంది గానీ, చెయ్యి పూర్తిగా లేవకపోవచ్చు.

నొప్పి పుట్టేంత గట్టిగా వద్దు. చేతికి తిమ్మిరి గానీ, రాత్రి నొప్పి గానీ ఉంటే మసాజ్ ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి; మీ ఇచ్ఛాపురం నుంచి బరంపురం దగ్గరే.