నీట్ రాశాక: లోకల్, ఓబీసీ, ఆప్షన్లు

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి వరకు కరీంనగర్‌లోనే చదివింది. ఇంటర్ బైపీసీ విజయవాడలో హాస్టల్లో ఉండి చదివింది. ఇప్పుడు తెలంగాణలో నాన్‌లోకల్ అవుతుందంటున్నారు. పుట్టి పెరిగింది ఇక్కడే కదా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: మీరు విన్నది నిజమేనమ్మా. ఇల్లు, ఆధార్, ఓటరు కార్డు కరీంనగర్‌లో ఉన్నా ఇక్కడ లెక్కలోకి రావు. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్ల నిబంధనను తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో జీవో 33తో మార్చింది. వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు తెలంగాణలోనే చదివి, ఇంటర్ ఇక్కడే పాసైతేనే రాష్ట్ర కోటా సీట్లకు లోకల్. ఈ జీవో రాకముందు, ఇంటర్‌తో ముగిసే ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నదీ చూసేవారు. ఆ ధీమాతోనే ఎన్నో ఇళ్లలో పిల్లల్ని ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు పంపారు. కోర్టుల్లో పోరాడారు కానీ, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ నిబంధనను సమర్థించింది. ఆంధ్రలో చదివిన రెండేళ్ల ఇంటర్‌తో అక్కడా లోకల్ కాలేరు. ఇది పిల్లల తప్పు కాదు, అయినా నష్టం వాళ్లదే.

తల్లిదండ్రుల్లో ఒకరు తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగి అయి, డ్యూటీ మీద రాష్ట్రం బయట ఉన్నందువల్ల పిల్లలు అక్కడ చదివితే మినహాయింపు ఉంది. సర్వీసు కాగితాలు సిద్ధం చేసుకోండి. లేదంటే ఎంసీసీ (కేంద్ర ప్రభుత్వ మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) నిర్వహించే 15 శాతం ఆలిండియా కోటాకు తప్పక రిజిస్టర్ చేయించండి. అక్కడ లోకల్ మాటే రాదు. డీమ్డ్ యూనివర్సిటీలకూ అక్కడే దరఖాస్తు, కాకపోతే వాటికి డిపాజిట్టే 2 లక్షలు.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలున్నవారు ఈ లెక్క ముందే చూసుకోవాలి. ప్రతి బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ ఆ ఏడాదే తీసి పెట్టుకోండి. బడి మూతపడితే మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో పాత రికార్డు వెతికించాల్సి వస్తుంది. కౌన్సెలింగ్ గడువేమో కొద్ది రోజులే.

ప్రశ్న: మాది బీసీ–బి. మీసేవలో తీసుకున్న కుల ధ్రువపత్రం ఉంది. ఆలిండియా కోటాకు అది చాలదా?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: చాలదు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు అది సరిపోతుంది. ఎంసీసీకి కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. అంతకన్నా ముందు మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో చూడండి. రాష్ట్రంలో బీసీ అయి, కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి. అలాంటివారు నీట్ దరఖాస్తులో జనరల్ అనే పెట్టాలి. దానివల్ల రాష్ట్రంలో బీసీ రిజర్వేషన్ పోదు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎంబీబీఎస్ అంచు ర్యాంకు వచ్చింది. పెద్ద కాలేజీలు పైన పెడితే అవకాశం వృథా అవుతుందని, బీడీఎస్ ముందు పెట్టమని కొందరు అంటున్నారు.
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: ఆ సలహా వినకండి. సాఫ్ట్‌వేర్ మీ అబ్బాయి ర్యాంకు రాగానే ఒకటో నంబరు ఆప్షన్‌ నుంచి కిందికి వస్తుంది. ఖాళీ కనిపించిన మొదటి సీటు ఇచ్చి ఆగిపోతుంది. పైన రాని సీట్లు పది పెట్టినా పదకొండోదానికి నష్టం లేదు. కానీ 4వ వరసలో బీడీఎస్, 5వ వరసలో ఎంబీబీఎస్ పెట్టారనుకోండి. రెండూ ఖాళీగా ఉన్నా బీడీఎస్సే వస్తుంది. ఎంసీసీలో రెండు కోర్సులూ ఒకే జాబితాలో ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. లాక్ చేసేముందు కోర్సు పేరు ఒక్కో వరసా చదవండి.

ఎంసీసీ ఆలిండియా కోటాలో మొదటి రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోయినా డిపాజిట్ పోదు. రెండో రౌండ్‌లో చేరకపోతే పోతుంది: జనరల్‌కు 10,000, ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు 5,000. మొదటి రౌండ్ సీటులో చేరి, మెరుగైనది కావాలంటే చేరేటప్పుడే అప్‌గ్రేడ్‌కు ఒప్పుకోవాలి. తర్వాత రెండో రౌండ్‌కు ఆప్షన్లు మళ్లీ పెట్టాలి, పాతవి చెల్లవు. కొత్త సీటు రాగానే పాతది పోతుంది, కాబట్టి ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా ఇష్టమైనవే పెట్టండి.

ప్రశ్న: సీటు రాకపోతే విదేశానికి పంపాలనుకుంటున్నాం. ఏజెంట్ నీట్ అక్కర్లేదంటున్నాడు.
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: నీట్‌లో అర్హత లేకుండా అక్కడ చదివితే ఇక్కడ ప్రాక్టీసు చేయలేరు. అర్హత మూడేళ్లు చెల్లుతుంది. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఇంగ్లిష్ మాధ్యమంలో సాగాలి, ఆపైన అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక ఎఫ్‌ఎంజీఈలో (విదేశాల్లో వైద్యం చదివినవారికి పెట్టే అర్హత పరీక్ష) 300కు 150 తెచ్చుకోవాలి, ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఏజెంట్ చెప్పే కాలేజీలో ఈ నెలల లెక్క కుదురుతుందని యూనివర్సిటీ నుంచే రాతపూర్వకంగా తెప్పించుకోండి. అది చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.