మళ్లీ పెట్టే రెఫరెండంలో మావాడు ఓటు వేయకపోతే ఏమవుతుంది?

ప్రశ్న: మా అబ్బాయి గ్లాస్గోలో చదువు ముగించుకుని అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. పాస్‌పోర్టు మనదే. బ్రిటన్ నుంచి స్కాట్లాండ్ విడిపోవాలా వద్దా అని 2014లో ఒకసారి ఓటింగ్ జరిగింది కదా, మళ్లీ పెట్టాలని అక్కడ ఒకటే గొడవట. మావాడికి విడిపోవడం ఇష్టం లేదు. ‘ఒకసారి తేలిపోయిన దానికి మళ్లీ ఓటేంటి, పెడితే మేం గడప దాటం’ అని వాడి ఆఫీసులో కొందరు అంటున్నారట. వాడూ అదే పాట పాడుతున్నాడు. రేపు నిజంగా పెడితే, బహిష్కరించినందుకు వీసాకు ఇబ్బంది వస్తుందా? పోనీ ఓటు వేస్తే మన పౌరసత్వం ఏమైనా అవుతుందా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ముందు మీకు నిద్ర పట్టనివ్వని సంగతి తేల్చేస్తాను. ఓటు వేసినా, వేయకపోయినా మీవాడి భారత పౌరసత్వానికి ఢోకా లేదు. మన పౌరసత్వ చట్టం సెక్షన్ 9 ప్రకారం, తనంతట తానుగా మరో దేశ పౌరసత్వం తీసుకుంటే మనది పోతుంది. ఓటు వేయడం ఆ లెక్కలోకి రాదు. మనది కామన్వెల్త్ దేశం కాబట్టి సరైన వీసాతో స్కాట్లాండ్‌లో ఉంటున్న మనవాళ్లకు 2014 రెఫరెండంలో ఓటు ఉండింది. చట్టం ఇచ్చిన హక్కును వాడుకుంటే వీసాకు వచ్చే నష్టం లేదు. వేయకపోయినా శిక్ష లేదు, అక్కడ ఓటు తప్పనిసరి కాదు. ఒక్క మెలిక ఉంది. ఓటరుగా నమోదు చేసుకోమని అధికారి నుంచి కాగితం వస్తే మాత్రం మూల పడేయొద్దని చెప్పండి. అర్హత ఉండి, అడిగినా నమోదు చేసుకోకపోతే 80 పౌండ్ల జరిమానా పడొచ్చు. అలగడం పోలింగ్ రోజుకు దాచుకోమనండి.

మీరు అడగని ప్రశ్న ఇంకోటుంది, నాకు అదే ముఖ్యమనిపిస్తోంది. బహిష్కరిస్తే మీవాడు కోరుకున్నది జరుగుతుందా?

మా అపార్ట్‌మెంట్‌లో కొత్త బోరు వేయించాలని జనరల్ బాడీ పెట్టారు. ఫ్లాటుకు ఇంత అని చెప్పగానే సగం మందికి నచ్చలేదు. వాళ్లు రాలేదు, కోరం (ఉండాల్సిన కనీస హాజరు) లేదు, మీటింగు వాయిదా. గెలిచామనుకుని పైన కూర్చుని క్రికెట్ చూస్తున్నారు. అరగంట తర్వాత అదే సెల్లార్‌లో, అవే ప్లాస్టిక్ కుర్చీల్లో వాయిదా మీటింగు మొదలైంది. పదకొండు మంది చేతులెత్తారు. పొద్దున్నే లిఫ్టు పక్కన బిల్లు అతికించారు. పై అంతస్తు ఆయన ఆ కాగితం చించుకొచ్చి ‘కేసు వేద్దాం సార్’ అన్నాడు. బైలాస్ తీసి ఆయన చేతే చదివించాను: వాయిదా పడిన సమావేశానికి హాజరైనవారే కోరం. వేయడానికి కేసేమీ మిగల్లేదు.

స్కాట్లాండ్‌లోనూ అచ్చంగా ఇదే జరిగింది. తమకంటూ ఒక అసెంబ్లీ కావాలా అని 1979 మార్చి 1న ఓటింగ్ పెట్టారు. పోలైన ఓట్లలో 51.6 శాతం ‘కావాలి’ అన్నాయి. అయినా రాలేదు. మొత్తం ఓటర్లలో కనీసం 40 శాతం ఒప్పుకోవాలని చట్టంలో షరతు పెట్టారు, వచ్చింది 32.9 శాతమే. అప్పుడు ఇంట్లో కూర్చున్న ప్రతి మనిషీ ‘వద్దు’ అన్నట్టే లెక్క. 1997 సెప్టెంబర్‌లో మళ్లీ పెట్టారు. ఈసారి ఆ షరతు తీసేశారు. 74.3 శాతం ‘కావాలి’ అన్నారు, పార్లమెంటు వచ్చేసింది. 1979లో ఇంట్లో కూర్చుని గెలిచినవాళ్ల ఎత్తు 1997లో ఎందుకూ పనికిరాదు. 2014లోనూ ఏ షరతూ లేదు. 84.6 శాతం పోలింగ్‌లో 55.3 శాతం మంది ‘విడిపోవద్దు’ అన్నారు.

అందుకే మళ్లీ రెఫరెండం చట్టం వస్తే మీవాడు మొదట చూడాల్సింది అందులో కనీస ఓట్ల షరతు ఉందా అన్నది. లేకపోతే వాడు ఇంట్లో కూర్చోవడం అవతలివాళ్లకు సగం ఓటు దానం చేసినట్టే.

రెండోసారి పెట్టే ఓటింగులో ఈ లెక్క ఇంకా ముదురుతుంది. యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య కుదిరిన నీస్ ఒప్పందాన్ని ఐర్లాండ్ ఓటర్లు 2001లో తిప్పికొట్టారు, 2002లో మళ్లీ పెడితే ఒప్పుకున్నారు. జనం మనసు మార్చుకున్నారని అంటారు గానీ అంకెలు అలా చెప్పవు. ‘వద్దు’ ఓట్లు రెండుసార్లూ 5 లక్షల 30 వేల దరిదాపుల్లోనే ఉన్నాయి. ‘సరే’ ఓట్లు మాత్రం నాలుగున్నర లక్షల నుంచి తొమ్మిది లక్షలకు ఎగబాకాయి. మొదటిసారి ఇల్లు కదలనివాళ్లే రెండోసారి ఫలితాన్ని తిరగరాశారు.

మన చరిత్రలోనూ ఉంది. 1947 జులైలో వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో భారతా, పాకిస్తానా అని ఓటింగ్ పెడితే, మూడో దారి చూపలేదని సరిహద్దు గాంధీ అబ్దుల్ గఫార్ ఖాన్ బహిష్కరించమన్నారు. ఓటర్లు 5 లక్షల 72 వేల పైచిలుకు. పాకిస్తాన్‌కు 2,89,244 ఓట్లు, భారత్‌కు 2,874. సగం మంది దూరంగా ఉన్నారన్నది చరిత్ర పుస్తకాల్లో మిగిలింది, రాష్ట్రం మాత్రం పాకిస్తాన్‌లోకి వెళ్లింది. ఆయన కారణం న్యాయమైనదే కావచ్చు. ఓట్ల లెక్కలో కారణం రాసే గడి లేదు.

అలాగని బహిష్కరణ ఎప్పుడూ దండగే అనను. ఓటింగే చట్టవిరుద్ధమైతే సంగతి వేరు. కాటలోనియాలో 2017 అక్టోబర్ 1న స్పెయిన్ రాజ్యాంగ న్యాయస్థానం ఆపమన్నా ఓటింగ్ జరిపారు. వ్యతిరేకులు చాలామంది వెళ్లలేదు. పోలింగ్ 43 శాతం, అందులో 90 శాతం ‘స్వాతంత్ర్యం’. ఆ ఫలితం అమలు కాలేదు. నన్నడిగితే దాన్ని ఆపింది రానివాళ్లకంటే కోర్టే. స్కాట్లాండ్ విషయంలోనూ బ్రిటన్ సుప్రీంకోర్టు 2022 నవంబర్ 23న స్పష్టంగా చెప్పింది: లండన్ పార్లమెంటు ఒప్పుకోకుండా స్కాట్లాండ్ పార్లమెంటు తనంతట తానుగా రెఫరెండం చట్టం చేయలేదు. లండన్ ఒప్పుకుని పెడితే మీవాడు వెళ్లాల్సిందే. ఒప్పుకోకుండా ఎవరైనా పెడితే అప్పుడు ఇంట్లో కూర్చోవడానికి అర్థముంది.

మన దగ్గర ఇలాంటి చిక్కు లేదు. రాజ్యాంగం 3వ అధికరణ కింద పార్లమెంటే రాష్ట్రాల్ని విడదీస్తుంది. తెలంగాణ అలాగే వచ్చింది. మన నాయకులు ఉప ఎన్నికనే రెఫరెండం అంటారు, అది వేరే కథ.

బహిష్కరణలో ఎవరూ చెప్పని నష్టం ఇంకోటుంది. అందరూ వెళ్లే ఎన్నికలో మీ ఓటు రహస్యం. ఒక పక్షం మొత్తం రాకూడదనుకున్నప్పుడు బూత్ మెట్లెక్కిన మనిషి ఏ వైపో వీధికంతా తెలిసిపోతుంది. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌లోనే ఉండాలా, ఐర్లాండ్‌లో కలవాలా అని 1973లో జరిగిన ఓటింగ్ అలాంటిదే. ఐరిష్ జాతీయవాదులు మానుకున్నారు, ‘బ్రిటన్‌లోనే’ అన్నవి 98.9 శాతం. ఎవరైనా మీవాడిని ‘వెళ్తే చూసుకుంటాం’ అని బెదిరిస్తే మాత్రం అది సలహా కాదు, అక్కడా నేరమే, ఇక్కడ భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 171 కింద కూడా నేరమే.

చివరగా, వాడు ఆ సమయానికి సెలవు మీద హైదరాబాద్ వస్తే పోస్టల్ బ్యాలెట్ మీద ఆశ పెట్టుకోవద్దు, వచ్చి తిరిగి చేరేసరికి గడువు దాటిపోవచ్చు. అక్కడ ఓటున్న ఒక మనిషిని ప్రాక్సీగా, అంటే తన బదులు ఓటు వేసే మనిషిగా, పెట్టుకోవచ్చు. ఆ మనిషి గడప దాటనన్న ఆఫీసు మిత్రుల్లో ఒకడు కాకుండా చూసుకోమనండి.