ఇంటర్నెట్ ఒక్కటే, దేశానికో ధర ఎందుకు?

ప్రశ్న: కొన్ని దేశాల్లో 1 జీబీపీఎస్ ఫైబర్ కారుచౌకగా దొరుకుతోంది. మరికొన్ని దేశాల్లో 50 ఎంబీపీఎస్‌కే అంతకు రెట్టింపు కట్టాలి. వాడే పరికరాలు అవే కదా, ఇంత తేడా ఎక్కడిది?

జవాబు: పరికరాలది చిన్న వాటా. ఫైబర్ తీగ కూడా చౌకే. రోడ్డు తవ్వి, గొట్టం వేసి, అనుమతులు తెచ్చుకుని, దాన్ని ఇంటి గుమ్మం దాకా చేర్చడానికే పెట్టుబడిలో పెద్ద భాగం పోతుంది. వంద ఇళ్లున్న అపార్ట్‌మెంట్‌కు ఒక్కసారి తవ్వితే చాలు. దూరదూరంగా ఉన్న వంద ఇళ్లకైతే ప్రతి గుమ్మానికీ విడిగా తవ్వాలి. దక్షిణ కొరియాకు అపార్ట్‌మెంట్లు అలా కలిసొచ్చాయి. రుమేనియాలో వీధుల్లో పుట్టిన చిన్న నెట్‌వర్క్‌లు తవ్వకాల జోలికే పోకుండా స్తంభాల మీదుగా తీగలు లాగేశాయి.

అయితే ధరను తేల్చేది జనసాంద్రత ఒక్కటే కాదు. మా ఉద్దేశంలో అంతకంటే బలమైన కారణం, ఇంటిదాకా వచ్చే లైను ఎవరిది, దాన్ని ఇతరులకు అద్దెకివ్వాలన్న నిబంధన ఉందా అన్నది. ఫ్రాన్స్‌లో పాత టెలిఫోన్ సంస్థ తన రాగి లైన్లను పోటీదారులకు అద్దెకివ్వాల్సి వచ్చింది. ఆ లైన్ల మీదే 2002లో ‘ఫ్రీ’ సంస్థ నెలకు 29.99 యూరోలకు ఏడీఎస్ఎల్ (టెలిఫోన్ తీగ మీద నడిచే బ్రాడ్‌బ్యాండ్) అమ్మింది. మిగతావాళ్లూ దిగిరాక తప్పలేదు. స్టాక్‌హోమ్‌లో నగరపాలక సంస్థే 1994లో ‘స్టోకాబ్’ను పెట్టి, ఫైబర్ వేసి, అడిగిన కంపెనీకల్లా అద్దెకిస్తోంది. అమెరికా కూడా 1996 టెలికాం చట్టంతో లైన్లు అద్దెకివ్వాలనే మొదలుపెట్టింది కానీ, 2003, 2005లో నియంత్రణ సంస్థ తీసుకున్న నిర్ణయాలతో బ్రాడ్‌బ్యాండ్ విషయంలో ఆ బాధ్యతను చాలావరకు ఎత్తేసింది. దాంతో చాలా ఊళ్లలో ఒక కేబుల్ కంపెనీ, ఒక టెలిఫోన్ కంపెనీ మిగిలాయి. ఇద్దరే ఉన్నచోట ధర తగ్గించాల్సిన అవసరం ఎవరికీ ఉండదు. అయితే లైను అద్దెను మరీ తక్కువగా నిర్ణయిస్తే కొత్త ఫైబర్ వేయడానికి ఎవరూ ముందుకు రారన్నదీ నిజమే.

వేగం సంగతికొస్తే, పాత రాగే అడ్డు. రాగి లైన్ల మీద వేగం పెంచే వీడీఎస్ఎల్2 పద్ధతి కొన్ని వందల మీటర్ల లోపు 100 ఎంబీపీఎస్ ఇస్తుంది, కిలోమీటరు దాటితే అందులో సగం నిలవడమూ కష్టం. 2009లో ఆస్ట్రేలియా 90 శాతం ఇళ్లకు ఫైబర్ వేస్తామంది. 2013 ఎన్నికల తర్వాత ఆ ప్రణాళిక మార్చి, చాలా ఇళ్లకు పాత రాగి లైన్లనే వాడుకుంది. ఆ లైన్లలో చాలావాటిని తర్వాత మళ్లీ ఫైబర్‌కు మార్చాల్సి వచ్చింది.

ప్రశ్న: దేశాల ధరలను సరిగ్గా పోల్చడమెలా?

జవాబు: ఒకే వేగం, ఒకే డేటా పరిమితి ఉన్న ప్లాన్లను తీసుకోండి. పన్ను, ఇన్‌స్టాలేషన్, రూటర్ అద్దె, తప్పనిసరిగా అంటగట్టే టీవీ లేదా ఫోన్ ఛార్జీ అన్నీ కలిపి 24 నెలల మొత్తాన్ని 24తో భాగించండి. లేకపోతే మొదటి ఏడాది తగ్గింపు లెక్కను తారుమారు చేస్తుంది. ఆ ధరను డాలర్లలోకి మార్చి వదిలేయకుండా, అక్కడి నెలవారీ తలసరి ఆదాయంలో ఎంత శాతమో చూడండి. ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ ప్రారంభ స్థాయి ప్లాన్‌కు పెట్టిన లక్ష్యం 2 శాతం లోపు. వేగానికి సగటు కాదు, మధ్యస్థ విలువ (అందరి వేగాలనూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) చూడాలి. కొద్దిమంది గిగాబిట్ చందాదారులు చాలు, సగటును పైకి లాగేయడానికి.

ప్రశ్న: ప్లాన్ 1 జీబీపీఎస్. కానీ విదేశీ సైట్లు నెమ్మదిగా వస్తాయి. లోపం లైనుదేనా?

జవాబు: ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 10 వేల కిలోమీటర్ల దూరంలోని సర్వర్‌కు వెళ్లి రావడానికే 100 మిల్లీసెకన్లు పడుతుంది. ఏ ప్లాన్ కొన్నా అది తగ్గదు. కంప్యూటర్‌ను వైఫైతో కాకుండా ల్యాన్ కేబుల్‌తో కలిపి, దగ్గరి సర్వర్‌కూ దూరపు సర్వర్‌కూ ఉదయం 6కి, రాత్రి 9కి పరీక్షించండి. దగ్గరిది రాత్రి మాత్రమే పడిపోతే మీ ప్రాంతంలోని పంపకంలోనో, కంపెనీ లోపలి లింకులోనో రద్దీ ఉన్నట్టు. ఒకే ఫైబర్‌ను చీల్చి చాలా ఇళ్లకు పంచే జీపాన్ పద్ధతిలో 2.5 జీబీపీఎస్‌ను సాధారణంగా 32 ఇళ్లు పంచుకుంటాయి, అందరూ ఒకేసారి లాగితే ఇంటికి 78 ఎంబీపీఎస్ చొప్పున వస్తుంది. దగ్గరిది బాగుండి, దూరపుది రాత్రి మాత్రమే పడిపోతే, కంపెనీ కొన్న అంతర్జాతీయ సామర్థ్యం చాలడం లేదని అనుమానించాలి.