టెక్ సందేహాలు: హోస్ట్స్ ఫైల్ కనిపించడం లేదు

ప్రశ్న: మా విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ కంపెనీల సైట్లు ఏవీ తెరుచుకోవడం లేదు. అదే వైఫైతో ఫోన్‌లో మాత్రం వస్తున్నాయి. హోస్ట్స్ ఫైల్ చూడమన్నారు కానీ, వాళ్లు చెప్పిన ఫోల్డర్‌లో ఆ ఫైలే లేదు. కంప్యూటర్‌కు కొత్తవాణ్ని, వివరంగా చెప్పండి.

జవాబు: మామూలుగా హోస్ట్స్ దాచిన ఫైల్ కాదు. కనిపించడం లేదంటే దాన్ని ఎవరో దాచి ఉండొచ్చు, మాల్వేర్ (కంప్యూటర్‌కు హాని చేసే ప్రోగ్రామ్) తరచూ చేసే పని ఇది. సైట్ పేరు టైప్ చేయగానే విండోస్ దాని ఐపీ అడ్రస్ (నెట్‌లో ఆ సైట్‌కు ఉండే అంకెల చిరునామా) కోసం ముందు ఈ ఫైల్‌నే చూస్తుంది. ఇందులో లేకపోతేనే, సైట్ పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. అందుకే ఇందులో యాంటీవైరస్ సైట్ పేరు పక్కన 127.0.0.1 (అంటే మీ ల్యాప్‌టాప్ సొంత అడ్రస్) అని రాసిపెడితే, ఆ సైట్ మీ ల్యాప్‌టాప్‌లో ఇక తెరుచుకోదు.

ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో నొక్కి హిడెన్ ఐటమ్స్, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ రెండింటికీ టిక్ పెట్టండి. అప్పటికీ రాకపోతే మూడు చుక్కల మెనూలో ఆప్షన్స్ తెరిచి, వ్యూ ట్యాబ్‌లో హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ అన్న టిక్ తీసేయండి. హెచ్చరిక వస్తుంది, యెస్ (Yes) నొక్కండి. ఇప్పుడు సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ ఫోల్డర్లను వరసగా తెరవండి. హోస్ట్స్ పేరు చివర టీఎక్స్‌టీ (.txt) ఉండకూడదు. ఉంటే విండోస్ దాన్ని అసలు చదవదు. ముందుగా ఒక కాపీ డెస్క్‌టాప్‌పై పెట్టుకోండి.

చాలామంది చిక్కుకునేది సేవ్ చేసేటప్పుడే. ఫైల్‌పై డబుల్ క్లిక్ చేసి మారిస్తే అనుమతి లేదంటుంది, లేదా వేరేచోట టీఎక్స్‌టీగా సేవ్ చేయమంటుంది. కాబట్టి స్టార్ట్‌లో నోట్‌ప్యాడ్ వెతికి, రైట్ క్లిక్ చేసి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. అందులోనే ఫైల్, ఓపెన్‌కు వెళ్లి, కింద టెక్స్ట్ ఫైల్స్ బదులు ఆల్ ఫైల్స్ పెడితే హోస్ట్స్ కనిపిస్తుంది.

ఇప్పటి విండోస్‌తో వచ్చే హోస్ట్స్‌లో రాత ఉన్న ప్రతి వరుసా # గుర్తుతోనే మొదలవుతుంది, అలాంటి వరుసలను విండోస్ పట్టించుకోదు. ఆ గుర్తు లేనివన్నీ తర్వాత చేరినవే. డాకర్ (ప్రోగ్రామర్లు వాడేది) వంటి సాఫ్ట్‌వేర్ కూడా కొన్ని వరుసలు చేరుస్తుంది, వాటిని కదపకండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లను అడిగాకే ముట్టుకోండి. ఫైల్‌ను చివరిదాకా స్క్రోల్ చేయండి. వందల ఖాళీ వరుసల కింద అసలు సంగతి దాచిపెట్టడం పాత ఎత్తుగడ. అనుమానమున్న వరుసను చెరిపేయకుండా ముందు # పెట్టి, సేవ్ చేయడానికి కంట్రోల్, ఎస్ (S) కలిపి నొక్కండి.

అయినా సేవ్ కాకపోతే ఫైల్‌కు రీడ్ ఓన్లీ పెట్టి ఉంటారు. ప్రాపర్టీస్‌లో ఆ టిక్ తీయండి. సేవ్ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్, ఒక ఖాళీ, స్లాష్, ఫ్లష్‌డీఎన్ఎస్ (ipconfig /flushdns) అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. బ్రౌజర్ పూర్తిగా మూసి మళ్లీ తెరవండి. ప్రొటెక్టెడ్ ఫైల్స్ టిక్‌ను తిరిగి పెట్టడం మరవొద్దు.

# పెట్టి ఆపేసిన వరుసలు రీస్టార్ట్ తర్వాత మళ్లీ చేరితే మాల్వేర్ ఇంకా లోపలే ఉంది. విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్ తెరిచి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి స్కాన్ మొదలవుతుంది, పావుగంట దాకా పడుతుంది. ఫైల్‌లో మీ బ్యాంకు సైట్ పేరు కూడా కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌ను ఫోన్ నుంచి మార్చండి, ఈ ల్యాప్‌టాప్ నుంచి కాదు.