పరిశోధకులతో ముఖాముఖికి సైన్స్ చదవనివాళ్లు వెళ్లి ఏం అడగాలి?

ప్రశ్న: తిరుపతిలో పరిశోధకులు జనంతో మాట్లాడే సభలకు నాలాంటి బీకామ్ వాళ్లు వెళ్తే ఏం లాభం?

తప్పకుండా వెళ్లండి. పరిభాష రాకపోయినా ఫర్వాలేదు, లెక్క వస్తే చాలు. అది మీకు ఎలాగూ వస్తుంది. ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే ఏఐ గురించి చెబుతూ వక్త 'కచ్చితత్వం 99 శాతం' అన్నారనుకోండి. హాల్లో చప్పట్లు పడతాయి. మీరు మాత్రం కొండ మీది క్యూ గుర్తు తెచ్చుకోండి. రోజుకు 60 వేల మందిని ఆ కెమెరా చూస్తే, తప్పు పడేది 600 మందికి. అప్పుడు అడగండి: ఆ తప్పు ఏ రకం? ఒకరిని చూసి ఇంకొకరు అనుకోవడమా, అసలు మనిషినే కాదనడమా? మొదటిదైతే మీ గది వేరేవాళ్లకు పోతుంది. రెండోదైతే గుండు చేయించుకొచ్చిన పెద్దాయన కౌంటర్ దగ్గర వాదించుకుంటూ నిలబడాలి. ఒకే యంత్రంలో ఒకటి తగ్గేలా బిగిస్తే రెండోది పెరుగుతుంది. ఎంత బిగించాలన్నది సైన్స్ ఒక్కటే తేల్చేది కాదు, క్యూలో నిలబడేవాళ్లూ చెప్పాలి.

ఊళ్లో పరిశోధకులకు కొదవ లేదు. 1954 నాటి ఎస్వీ యూనివర్సిటీ, 2015లో మొదలైన ఐఐటీ, సైన్స్ చదువుకీ పరిశోధనకీ పెట్టిన ఐసర్ ఉన్నాయి. దగ్గర్లోని గాదంకిలోనైతే 1,024 యాంటెన్నాలు పరిచి పైగాలుల్ని కొలిచే రాడార్ ఉంది. ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం దగ్గర్లో ఇలాంటి సభల ప్రకటనల మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇంకో మాట. మైకు దొరగ్గానే ఉపన్యాసం మొదలెట్టే పెద్దమనిషి ప్రతి సభలోనూ ఒకరుంటారు. మీ ప్రశ్న చీటీ మీద రాసుకుని, ఆయనకంటే ముందు చెయ్యెత్తండి.