కూలెంట్ తగ్గుతోంది, చుక్క మాత్రం కనబడదు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పదిహేనేళ్లు దాటిన చిన్న పెట్రోలు కారు. వారానికి అర లీటరు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది. వాకిట్లో బండి నిలిపిన చోట మాత్రం తడి లేదు. నార్కట్‌పల్లి దాటి హైవే మీద 80లో పోతుంటే హీటు ముల్లు పైకి లేస్తోంది. రేడియేటర్ మార్చాల్సిందేనని మెకానిక్ అంటున్నాడు. మార్చమంటారా?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: అప్పుడే వద్దు. లీకు ఎక్కడుందో కళ్లతో చూసేదాకా ఏ సామానూ కొనకండి. రేడియేటర్ మార్చాక కూడా ముల్లు అలాగే లేస్తే డబ్బు దండగ.

చుక్క కనబడకపోవడంలో వింతేమీ లేదు. ఇంజిన్ వేడెక్కి లోపల ప్రెషర్ పెరిగినప్పుడే చాలా లీకులు తెరుచుకుంటాయి. కారిన కూలెంట్ వేడి ఇంజిన్ మీద పడి అక్కడికక్కడే ఆవిరవుతుంది. బండి చల్లారేసరికి లీకు మూసుకుపోతుంది.

ముందు రేడియేటర్ మూత చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, పై హోస్ పైపు చేత్తో నొక్కితే మెత్తగా అణిగినప్పుడే మూత తీయాలి. దాని మీద 0.9 అనో 1.1 అనో గుద్ది ఉంటుంది. ఎన్ని బార్ల ప్రెషర్‌ను ఆపుతుందో చెప్పే అంకె అది. ఆ ప్రెషర్ నిలిస్తేనే లోపలి నీళ్లు 100 డిగ్రీలకు కాక 120 దగ్గర మరుగుతాయి. స్ప్రింగు మెత్తబడినా, కింది రబ్బరు పగిలినా ముందే మరిగి, రిజర్వు డబ్బా పొంగి బయటికి పోతాయి. మూత మధ్యలో ఉన్న చిన్న వాల్వును గోటితో లాగి వదలండి, టక్కున వెనక్కి పోవాలి. అనుమానముంటే అదే అంకె ఉన్న కొత్త మూత వేయండి. ఎక్కువ అంకెది వేస్తే పాత పైపులు తట్టుకోవు.

మూత తీసినప్పుడే రేడియేటర్‌లో మట్టం చూడండి. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ వెలితిగా ఉంటే, రెండింటినీ కలిపే సన్న పైపు పగిలి గాలి పీలుస్తుండొచ్చు. లేదా మూతలోని ఆ చిన్న వాల్వు పట్టేసి ఉండొచ్చు.

ఇవి బాగున్నాయంటే ప్రెషర్ టెస్టర్ (ప్రెషర్ చూపే ముల్లున్న చేతి పంపు) ఉన్న గ్యారేజీకి వెళ్లండి. చల్లటి ఇంజిన్‌లో కూలెంట్ నిండా పోసి, మూత స్థానంలో ఆ చేతి పంపు బిగించి, మూత మీది అంకె వరకే కొట్టి 15 నిమిషాలు ఆగాలి. ముల్లు దిగితే టార్చి వేసి వెతకాలి. హోస్ పైపుల చివర్లు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వు) కప్పు అంచు, రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకును అల్యూమినియం జాలీకి మడిచి పట్టిన అతుకు వరుసగా చూడండి. తడి లేకపోయినా తెల్లగా, ఆకుపచ్చగా ఉప్పు పేరుకున్నట్టు గరుకు పొర ఉంటే లీకు అక్కడే. వాటర్ పంపు అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. సీలు పోతే కూలెంట్ బేరింగులోకి దిగకుండా బయటికి రావాలనే దాన్ని పెడతారు. అందులోంచి చార కారిందంటే పంపు అయిపోయినట్టే, రంధ్రం మూయించకండి. టైమింగ్ బెల్టు వెనక పంపు ఉండే బళ్లలో బెల్టు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా అప్పుడే మార్చడం లాభం. కూలి ఒక్కసారే పడుతుంది.

ముల్లు దిగుతున్నా బయట ఎక్కడా తడి లేకపోతే డ్రైవరు పక్క సీటు ముందు కార్పెట్ ఎత్తి చూడండి. జిగటగా, తియ్యటి వాసనతో తడి ఉంటే హీటర్ కోర్ (బండి లోపలికి వేడి గాలినిచ్చే చిన్న రేడియేటర్) లీకు. (అదే వైపు బండి కింద రంగు, వాసన లేని నీళ్లు కారితే ఏసీవి, పట్టించుకోనక్కర్లేదు.) అక్కడా లేదంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ, పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు) మీద అనుమానం. పొద్దున చల్లగా ఉండగా మూత తీసి స్టార్ట్ చేస్తే ఆగకుండా బుడగలు రావడం, స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై పైపు రాయిలా బిగుసుకోవడం, డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉండడం దాని గుర్తులు. వానాకాలంలో ఊళ్లోనే తిరిగే బండికి ఆయిల్ మూత కింద కాస్త నురగ మామూలే, దాన్ని చూసి హెడ్ విప్పనివ్వకండి. గ్యాస్కెట్ పోయిందని తేలితే మాత్రం లేత్ షాపులో హెడ్ వంపు కొలిపించి, అవసరమైతే ఫేసింగ్ (చదును) చేయించాకే కొత్తది వేయాలి.

రిపేరు సంగతి. పైపు మార్చేటప్పుడు పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించవద్దు, ప్లాస్టిక్ మూతి విరుగుతుంది. బ్లేడుతో నిలువుగా కోసి తీయండి. అల్యూమినియం మూతి మీది తెల్ల పొడిని సన్న ఎమరీతో రుద్ది, క్లిప్పును మూతి చివరి గట్టు దాటాక లోపలి వైపు బిగించాలి. గట్టు మీద బిగిస్తే వారంలో మళ్లీ కారుతుంది. పగిలిన ప్లాస్టిక్ ట్యాంకుకు ఎం-సీల్ పెట్టడం ఇల్లు చేరడానికే. పాత ఇత్తడి రేడియేటర్లకు టంకం పడుతుంది, వీటికి పడదు. ఆ ట్యాంకు పగిలిందని తేలితే మాత్రం మీ మెకానిక్ మాటే సరైనది.

నింపేటప్పుడు బోరు నీళ్లు పోయకండి. మన నల్లగొండ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. రేడియేటర్‌కు మాత్రం అసలు శత్రువు వాటి గట్టితనం: ఉప్పు సన్న గొట్టాల్లో గారలా పడుతుంది. హైవే మీద గాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, ఫ్యాన్‌తో పని తక్కువ. అక్కడే హీటెక్కుతోందంటే కూలెంట్ తగ్గి ఉండాలి, లేదా గొట్టాలు పూడి ఉండాలి. బ్యాటరీలకు వాడే డిస్టిల్డ్ వాటర్ తెచ్చుకోండి. మాన్యువల్‌లో మొత్తం 4 లీటర్లు అని ఉంటే 2 లీటర్ల చిక్కటి కూలెంట్ ముందు పోసి, మిగతాది నీళ్లతో నింపండి. పాత కూలెంట్ తీసేశాక లోపల కడిగిన నీళ్లు కొన్ని ఇంజిన్‌లోనే మిగిలిపోతాయి కాబట్టి ఈ వరుస. ముందే నీళ్లు కలిపి వచ్చే రెడీమిక్స్ కూలెంట్‌కు మళ్లీ నీళ్లు కలపకూడదు. ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉండేలా బండి నిలిపి, హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పి, మూత లేకుండా ఐడిలింగ్‌లో నడపండి. పై పైపు వేడెక్కి మట్టం దిగగానే మళ్లీ పోసి, బుడగలు ఆగాక మూత బిగించండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక ఇంజిన్ ఆపండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌లో మట్టం మరోసారి చూడాలి.

తీసిన పాత కూలెంట్‌ను వాకిట్లో పారబోయకండి. తియ్యగా ఉంటుంది, కుక్కలు, మేకలు తాగితే చస్తాయి.

ప్రశ్న: ఎండాకాలం హీటెక్కకుండా థర్మోస్టాట్ తీసేయమంటున్నారు. తీయొచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: వద్దండీ. ఇంజిన్ సరైన వేడికి ఆలస్యంగా చేరి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అనుమానముంటే ఆ వాల్వును విప్పించి, నీళ్లలో వేసి గిన్నెతో పొయ్యి మీద పెట్టండి. దాని మీద గుద్దిన డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. లేకపోతే కొత్తది వేయించండి.

ప్రశ్న: దారిలో లీకయితే రేడియేటర్‌లో పసుపు వేస్తే ఆగుతుందంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: చిన్న చిల్లయితే కొంతసేపు ఆగొచ్చు. కానీ ఆ ముద్దకు చిల్లేదో, గొట్టమేదో తెలియదు, హీటర్ కోర్‌ను కూడా పూడ్చేస్తుంది. దానికంటే డిక్కీలో 2 లీటర్ల నీళ్లు, రెండు క్లిప్పులు ఉంచుకోండి. ముల్లు ఎర్ర గీత చేరితే బండి పక్కకు తీసి ఆపి, గంటసేపు ఆగాకే మూత ముట్టండి. మసలుతున్న ఇంజిన్‌లో చల్లనీళ్లు పోస్తే అల్యూమినియం హెడ్ వంగుతుంది, లేదా పగులుతుంది.