ఇంటి పన్ను కట్టడానికి పక్కింటి అబ్బాయిని పిలవాలా?

ప్రశ్న: నమస్తే అండి. టీచరుగా చేసి రిటైరయ్యాను, పెదవాల్తేరులో ఉంటాను. షుగర్ వల్ల చూపు బాగా పోయింది, నాలుగేళ్ళుగా ఫోన్ టాక్‌బ్యాక్‌తోనే, అంటే తెర మీద ఉన్నది చదివి వినిపించే సదుపాయంతోనే వాడుతున్నాను. వాట్సాప్, బ్యాంకు పని, కరెంటు బిల్లు అన్నీ నేనే చేసుకుంటాను. సొంతూళ్ళో మాకు చిన్న ఇల్లుంది, దాని పన్ను మాత్రం అక్కడి మున్సిపాలిటీ వెబ్‌సైట్లో కట్టలేకపోతున్నాను. అసెస్‌మెంట్ నంబరు ఎక్కడ కొట్టాలో చెప్పదు, ప్రతిదానికీ "ఎడిట్ బాక్స్, ఎడిట్ బాక్స్" అనే అంటుంది. బొమ్మలో ఉన్న అక్షరాలు కొట్టమంటుంది, నాకవి కనపడవు. చివరికి పక్కింటి అబ్బాయిని పిలిచి ఫోనూ కార్డూ చేతికిచ్చి, ఓటీపీ కూడా అతన్నే చూసుకోమని కట్టించాను. అప్పటికి ఏప్రిల్ 30 దాటిపోయి అయిదు శాతం రాయితీ పోయింది. "నీకెందుకమ్మా ఈ టెన్షన్, ఎవరో ఒకరం కడతాంగా" అంటున్నారు పిల్లలు. నాకు వాడటం రాక ఇలా అవుతోందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కానే కాదమ్మా. బ్యాంకు యాప్ ఒంటిచేత్తో వాడుకునే మనిషి పన్ను కట్టే పేజీ దగ్గర ఆగిపోయిందంటే తప్పు ఆ పేజీదే.

మీ ఉత్తరం చదివాక నా ఫోన్లో వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్ళు మూసుకుని ఆ సైటు తెరిచాను. ముందు పైన పరిగెత్తే ప్రకటనలు, తర్వాత మెనూలో లింకులన్నీ ఒక్కొక్కటే చదువుతూ పోయింది, వాటిని దాటుకుని ఫారం దగ్గరికి వచ్చేసరికే నాకు ఓపిక అయిపోయింది. వచ్చాక మీరు విన్నదే నేనూ విన్నాను, ఎడిట్ బాక్స్, ఎడిట్ బాక్స్. కళ్ళు తెరిచి చూస్తే ఆ గడి పక్కనే "అసెస్‌మెంట్ నంబరు" అని శుభ్రంగా రాసి ఉంది! చూసేవాళ్ళకి ఆ పేరూ ఆ గడీ ఒకటే అని తెలుస్తుంది, కోడ్‌లో మాత్రం రెండిటికీ సంబంధం కలపలేదు. ఆ సంబంధం కలపడానికి గడికి ఒక్క లైను చాలు. ఆ ఒక్క లైను రాయనందుకు మీరు ఓటీపీ ఇంకొకరికి చెప్పాల్సి వచ్చింది, నాకు కోపం వచ్చింది అక్కడే.

బొమ్మలో అక్షరాలు కొట్టమనే ఆ క్యాప్చా సంగతి ఇంకా అన్యాయం. అది మనిషా, మెషీనా అని తేల్చడానికి పెట్టింది. అక్షరాలు వినిపించే బటన్ పక్కన లేకపోతే చూపులేని మనిషి దాని లెక్కలో మనిషే కాదు. ఫోన్‌కి ఎలాగూ ఓటీపీ వస్తున్నప్పుడు పన్ను కట్టే చోట ఆ బొమ్మ అవసరమే లేదని నా అభిప్రాయం.

మీరు అడగలేదు గానీ, ఆ సైటులో పెట్టిన నోటీసులు కూడా మీకు చదివి ఉండదు. కొన్ని కాగితాన్ని స్కాన్ చేసి పెట్టినవి, అంటే వట్టి ఫోటోలు. మిగతావి డీటీపీ పాత ఫాంట్లలో కొట్టినవి, కంటికి తెలుగే, లోపల ఉన్నది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. అందులోంచి ఒక మాట కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయించి చూడండి, పిచ్చి గీతలు వస్తాయి, టాక్‌బ్యాక్‌కి అందేదీ అదే. ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ తెలుగుగానే గుర్తుపట్టే యూనికోడ్‌లో కొడితే ఈ బాధ ఉండదు.

చట్టం మీ పక్షానే ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 42 సమాచారం అందరికీ అందేలా చూడాల్సిన బాధ్యత ప్రభుత్వం మీద పెట్టింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, దివ్యాంగులకి అన్నీ అందుబాటులో ఉండేలా చూసే ప్రమాణాలు వట్టి సలహాలుగా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యాల్సిందే అంది. యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్ బ్యాంకు గుర్తింపు తనిఖీలో (కేవైసీ) కెమెరా ముందు కళ్ళార్పమంటే ఆర్పలేకపోయిన కేసులో అయితే, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని తీర్పొచ్చింది. అది వచ్చింది 2025లో సరిగ్గా ఏప్రిల్ 30న, మీ రాయితీకి ఆఖరి రోజు ఏదో అదే తేదీన.

ఇక చెయ్యాల్సింది. ముందు కార్డు పిన్ మార్చుకోండి, ఆ అబ్బాయి మంచివాడే అయినా సరే. తర్వాత మున్సిపల్ కమిషనర్ పేరిట అర్జీ పెట్టండి. "వెబ్‌సైటు పనిచెయ్యడం లేదు" అని రాస్తే "మాకు పనిచేస్తోందే" అని పక్కన పడేస్తారు, కాబట్టి "ఫలానా తేదీన పన్ను చెల్లింపు పేజీలో మొదటి గడి పేరు టాక్‌బ్యాక్ చదవలేదు, క్యాప్చాకి ఆడియో లేదు, అందువల్ల గడువులోగా కట్టలేక రాయితీ పోగొట్టుకున్నాను" అని రాయండి. పక్కన ఇంకో ఫోన్ పెట్టించి టాక్‌బ్యాక్ గొంతు వినపడేలా వీడియో తీయించి జతచెయ్యండి. కదలిక లేకపోతే ఆ జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారు, అక్కడ ఇవ్వండి, ఒక కాపీ రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి పంపండి. ఇలాంటి ఫిర్యాదుల మీద విచారించే అధికారం ఆ చట్టమే ఆయనకిచ్చింది.

మీ పిల్లలు ప్రేమతోనే అంటున్నారు. వాళ్ళకి ఈ పేజీ చదివి వినిపించండి.

ప్రశ్న: చిన్న ఆఫీసులకి వెబ్‌సైట్లు చేసిపెడుతుంటాను సార్. చూపులేనివాళ్ళకి పనికొస్తుందో లేదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక యువకుడు, గాజువాక

జవాబు: మౌస్ పీకేసి పక్కన పెట్టు తమ్ముడూ. ట్యాబ్, ఎంటర్ కీలతోనే ఫారం మొత్తం పూర్తిచేసి రసీదు దాకా వెళ్ళగలిగావా చూడు, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ రిపేరు. తర్వాత ఎన్‌వీడీఏ అని విండోస్‌లో తెర చదివి వినిపించే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాంతో విను. తెలుగు పేజీకి కోడ్‌లో భాష తెలుగు అని రాయడం మర్చిపోకు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద రంగు అక్షరాలు వద్దు, మామూలు సైజు అక్షరానికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ మధ్య కాంట్రాస్ట్ నిష్పత్తి కనీసం 4.5కి 1 ఉండాలి. ఇవన్నీ అయ్యాక చూపులేని ఒకరిని పిలిచి, వాళ్ళ టైముకి డబ్బులిచ్చి, నీ ఎదురుగా వాడించు. సైటు మొత్తం అయ్యేదాకా ఆగకుండా మొదటి ఫారం తయారైన రోజే పిలువు.